తెరవడం ముందా, తెలుసుకోవడం ముందా

అక్క: బ్రౌజర్ తెరుచుకోకపోతే నేను చేసే పని ఒకటే. దాని పాత ఫోల్డరు తీసి పారేసి కొత్తగా మొదలుపెడతాను. దానికీ లొంగకపోతే మెషిన్ ఆపి మళ్ళీ వేస్తాను. ఎందుకు తెరుచుకోలేదన్న విచారణ తీరిక దొరికినప్పుడు. పుదూరులో ఐప్పసి నెలంటే, ఆ అక్టోబరు-నవంబరు రోజులంటే, ఏమిటో నీకు తెలుసు. వాన పడి మినుములు, పెసలు, మొక్కజొన్న వేసినవాళ్ళంతా పంట బీమాకు మన నెట్ అంగడికి వస్తారు. చేతిలో గ్రామాధికారి వీఏఓ ఇచ్చిన అడంగల్, ఆధార్ నకలు, బ్యాంకు పాసుబుక్కు. రబీ పప్పుధాన్యాలకు రైతు కట్టేది బీమా మొత్తంలో 1.5 శాతమే. కానీ గడువు దాటితే పోర్టల్ మూసేస్తారు, ఆ తర్వాత ఎంత కడతానన్నా తీసుకోరు. చివరి రోజు సాయంత్రం ఫైర్‌ఫాక్స్ గుర్తు మీద నొక్కితే చక్రం కాసేపు తిరిగి ఆగిపోయింది. ముందు నాగలాపురం నుంచి వచ్చిన పెద్దాయన నిలబడి ఉన్నాడు. అప్పుడు నాకు కావలసింది తెరుచుకున్న పేజీ. కారణం కాదు.

తమ్ముడు: ఆ తొందర తప్పని నేను అననక్కా. నువ్వు తీసి పారేసే ఫోల్డరులో ఏముందో మాత్రం ఒక్కసారి చూద్దాం. ఫైర్‌ఫాక్స్ మన గురించి దాచుకున్నదంతా అందులోనే ఉంటుంది, దాన్నే ప్రొఫైల్ అంటారు. బుక్‌మార్కులూ చూసిన పేజీల జాబితా ప్లేసెస్ అనే ఫైలులో. పాస్‌వర్డులు లాగిన్స్ అనే ఫైలులో, వాటిని విప్పే తాళంచెవి కీ4 అనే మరో ఫైలులో. ఈ రెండూ జతగా ఉంటేనే పాస్‌వర్డులు దక్కుతాయి, ఒకటి పోతే మిగిలింది ఉన్నా దండగే. ఏళ్ళ తరబడి పోగైనదాన్ని రెండు నిమిషాల కోసం పారేస్తున్నావు. పోనీ, తప్పు అక్కడే ఉందని తెలిసి పారేస్తున్నావా అంటే అదీ లేదు.

అక్క: నీ సొంత మెషిన్‌కైతే ఆ లెక్క సరే. అంగడి మెషిన్‌లో వచ్చినవాళ్ళ పాస్‌వర్డులు దాచడమే తప్పు. ఒకరి బ్యాంకు పేజీ తెరిచి పని చేసి పంపించాక, తర్వాత కూర్చున్నవాళ్ళకు ఆ పేరు కనబడకూడదు. నలుగురి పని చేసే చోట బ్రౌజర్ ప్రతి పొద్దూ ఖాళీగా మొదలవ్వాలి. పాత ఫోల్డరు పోతే పోయేవి నా రెండు మూడు లాగిన్లు, అవి నాకు నోటికి వచ్చు. నువ్వు ఆస్తి అంటున్నదాన్ని నేను చెత్త అంటున్నాను. మనుషులకు కీడు చేసే చెత్త కూడా.

తమ్ముడు: దీనికి నేను ఎదురు చెప్పలేను. అంగడిలో ప్రైవేట్ విండోలోనే పని చేయాలి, పాస్‌వర్డు దాచనా అని అడిగితే వద్దనాలి. ఒప్పుకున్నాను. అయినా పారేయడం వేరు, పక్కన పెట్టడం వేరు. ఫైర్‌ఫాక్స్‌ను ప్రొఫైల్ మేనేజరుతో పిలిస్తే కొత్త ప్రొఫైల్ ఇస్తుంది, పాతదాన్ని ముట్టుకోదు. పట్టేది అవే రెండు నిమిషాలు. కొత్తది తెరుచుకుంటే తప్పు పాతదాంట్లో ఉందని తేలుతుంది. కొత్తది కూడా తెరుచుకోకపోతే పాతదాని మీద అనుమానం పోతుంది. పారేశావంటే ఈ రెండింట్లో ఏదని చెప్పడానికి ఆధారం ఉండదు.

అక్క: పక్కన పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. నీ మాటలో నాకు నచ్చనిది ఇంకొకటి. తప్పు ఎక్కడుందో తేలడమే పని పూర్తి కావడం అన్నట్టు మాట్లాడతావు.

తమ్ముడు: తేలకపోతే పని పూర్తయిందో లేదో నీకెలా తెలుస్తుంది? గుర్తు మీద నొక్కితే ఏమీ రాకపోవడం ఒక జబ్బు కాదు, పది జబ్బులకు ఒకే లక్షణం. డెస్క్‌టాప్ మీద గుర్తు నొక్కినప్పుడు బ్రౌజర్ ఏదో చెప్పే ఉంటుంది, ఆ మాట తెర మీదికి రాదు. అదే బ్రౌజర్‌ను టెర్మినల్ అనే నల్ల తెరలో పేరు కొట్టి పిలిస్తే అది అన్నదంతా కింద వరుసగా పడుతుంది. పది సార్లలో ఎక్కువ సార్లు జవాబు అక్కడే ఉంటుంది. మన అంగడిలో తరచు వచ్చేదే తీసుకో. ఫైర్‌ఫాక్స్ ఇప్పటికే నడుస్తోంది గానీ పలకడం లేదు అని ఒక పెట్టె వస్తుంది. ప్రొఫైల్ ఫోల్డరులోకి వెళ్ళి జాబితా తీస్తే లాక్ అని ఒక లింకు కనిపిస్తుంది. అది ఏ ఫైలుకూ తీసుకుపోదు. దాని కొసన 127.0.1.1 అని మెషిన్ చిరునామా, ఒక ప్లస్ గుర్తు, నడుస్తున్న ప్రోగ్రామ్‌కు మెషిన్ ఇచ్చే ప్రాసెస్ నంబరు ఉంటాయి, 4312 అనుకో. ఈ ప్రొఫైల్ ఫలానా నంబరు ప్రాసెస్ చేతిలో ఉందని చెప్పడం తప్ప దానికి వేరే పని లేదు. పక్కనే డాట్ పేరెంట్‌లాక్ అని ఒక ఖాళీ ఫైలు. చాలామంది ఈ రెండూ కనబడగానే తుడిచేస్తారు.

అక్క: నేనూ తుడుస్తాను. తుడిస్తే తెరుచుకుంటుంది.

తమ్ముడు: తెరుచుకోవడమే అక్కడ ప్రమాదం. ఆ ఖాళీ ఫైలు మిగిలి ఉన్నంత మాత్రాన తాళం పడి ఉన్నట్టు కాదు. ప్రాసెస్ చచ్చిపోతే కెర్నెల్ తనంతట తనే ఆ పట్టు వదిలేస్తుంది. లింకులో నంబరు చచ్చినదైతే ఫైర్‌ఫాక్స్ కూడా దాన్ని పట్టించుకోదు. కరెంటు పోయి వచ్చాక పాత లాక్ మిగిలి ఉన్నా మామూలుగా తెరుచుకునేది అందుకే. కనక తెరుచుకోవడం లేదంటే 4312 ఇంకా బతికే ఉండే అవకాశం ఎక్కువ, కిటికీ లేకుండా వెనక ఇరుక్కుపోయి. అది బతికుండగా లాక్ తుడిచావంటే రెండు ఫైర్‌ఫాక్స్‌లు ఒకే ప్రొఫైల్‌లో రాయడం మొదలుపెడతాయి. బుక్‌మార్కుల ఫైలు పాడయ్యేది అలాగే. ముందు ప్రాసెస్‌ల జాబితా చూసి, బతికున్నదాన్ని ఆపి, తర్వాత గుర్తు నొక్కాలి. లాక్ జోలికే పోనక్కర్లేదు.

అక్క: ఇంత చెప్పావు గదా, నేను మెషిన్ ఆపి వేస్తే ఏమవుతుంది? ఆ 4312 పోతుంది. పట్టు వదులుతుంది. బ్రౌజర్ తెరుచుకుంటుంది. మూడు నిమిషాలు. నీ కెర్నెలూ నీ లింకూ తెలియని మనిషి కూడా చేయగలిగిన పని అది. అంగడిలో నేను లేనినాడు కూర్చునే పిల్లకు నేను నేర్పగలిగింది కూడా అదే.

తమ్ముడు: ఇరుక్కుపోయిన ప్రాసెస్‌కు నీ మందు సరిగ్గా పనిచేస్తుంది, కాదనను. ఇంకో మూడింటికి పనిచేయదు. ఒకటి, డిస్కు నిండిపోవడం. నువ్వు స్కాన్ చేసిన అడంగల్‌లూ పాసుబుక్కులూ అన్నీ డౌన్‌లోడ్స్‌లోనూ చెత్తబుట్టలోనూ పేరుకుంటాయి. మన ఫైళ్ళుండే హోమ్ ఫోల్డరులో చోటు సున్నాకు వస్తే బ్రౌజర్ తన ఫైళ్ళు రాసుకోలేక పడిపోతుంది. ఆపి వేసినా అంతే, కొత్త ప్రొఫైల్ ఇచ్చినా అంతే. ఒక్కోసారి డెస్క్‌టాప్‌లోకి కూడా రానివ్వదు. డీఎఫ్ అని రెండక్షరాలు కొడితే ఎంత నిండిందో ఒక్క చూపులో తెలుస్తుంది. రెండు, మెషిన్ పేరు మార్చడం. క్రోమ్ తన ఫోల్డరులో సింగిల్‌టన్‌లాక్ అని ఒక లింకు పెట్టుకుంటుంది, దాంట్లో మెషిన్ పేరూ ప్రాసెస్ నంబరూ ఉంటాయి. ఆ లింకు మిగిలి ఉండగా నువ్వు మెషిన్ పేరు మార్చావనుకో, ఈ ప్రొఫైల్ వేరే కంప్యూటర్‌లో నడుస్తోంది అంటుంది. వేరే కంప్యూటర్ ఎక్కడా లేదు, ఉన్నది పాత పేరు.

అక్క: ఆ పెట్టెలోనే మళ్ళీ తెరవమనే బటన్ కూడా ఉంది. నేను నొక్కాను, తెరుచుకుంది. ఆ మాట ఎందుకు చెప్పవు? బ్రౌజర్ తయారుచేసేవాళ్ళు తలుచుకుంటే కారణాన్నీ మందునూ ఒకే పెట్టెలో చూపించగలరు. అలా చూపించిన చోట నాకు టెర్మినల్ అక్కర్లేకపోయింది.

తమ్ముడు: నిజమే. ఆ బటన్ మంచి పని. మూడోదానికి బటన్ లేదు. అది ఫైళ్ళ సొంతదారు మారిపోవడం. ఎప్పుడో ఒకరు బ్రౌజర్‌ను సుడోతో, అంటే మెషిన్‌కు పెద్ద అయిన రూట్ హక్కుతో, తెరిచారు. అప్పుడు పుట్టిన ఫైళ్ళు రూట్ పేరు మీద పడ్డాయి. మర్నాడు నువ్వు నీ పేరుతో తెరిస్తే నీ ఇంట్లో ఉన్న నీ ఫైళ్ళలోనే రాసే హక్కు నీకు ఉండదు. దీనికి జనం చేసే వైద్యం బ్రౌజర్‌ను తీసేసి మళ్ళీ ఎక్కించడం. గంట పోతుంది, ఫలితం ఉండదు, ఎందుకంటే అలా ఎక్కించినప్పుడు మారేది ప్రోగ్రామ్. అది ఉండేది వేరే చోట. హోమ్‌లో ఉన్న ప్రొఫైల్‌ను అది తాకదు. తెరుచుకోకపోవడానికి కారణం చాలాసార్లు హోమ్‌లో ఉంటుంది, జనం బాగుచేసేదేమో ప్రోగ్రామ్‌ను.

అక్క: మళ్ళీ ఎక్కించడం దండగన్నది ఒప్పుకుంటాను. నేను అది మానేసి చాలా కాలమైంది. నువ్వు చెప్పిన మూడోదాన్ని మాత్రం తిప్పి నీ ముందే పెడతాను. బ్రౌజర్‌ను సుడోతో తెరవమని జనానికి చెప్పిందెవరు? నాలాంటివాళ్ళు కాదు. టెర్మినల్ తెరువు, ఇది కొట్టు, అది కొట్టు అన్నవాళ్ళే. గుర్తు మీద నొక్కడం తప్ప ఇంకేమీ తెలియని మనిషి తన ఫైళ్ళను రూట్‌కు అప్పగించలేడు. ఉబుంటులో 19.10కు ముందు దాకా సుడో అన్నా హోమ్ మాత్రం మనదే ఉండేది, అందుకే మన ఫోల్డరులో రూట్ ఫైళ్ళు పుట్టాయి. తర్వాత వాళ్ళే దాన్ని మార్చారు. అంటే ఏమిటి? సగం తెలిసినవాడి చేతిలో ఆ నల్ల తెర జబ్బు కంటే పెద్ద జబ్బు తెస్తుందని వాళ్ళకూ తెలిసింది. కారణం వెతకమని అందరికీ చెప్పేవాడు ఆ సగం దారిలో ఎంతమంది ఆగిపోతారో కూడా లెక్కేసుకోవాలి.

తమ్ముడు: నా వాదంలో బలహీనమైన చోటే పట్టుకున్నావు. తప్పించుకోను. టెర్మినల్‌లో చూడడం వేరు, మార్చడం వేరు అని మేము మొదటినుంచీ విడదీసి చెప్పలేదు. జాబితా తీయడం, చోటు చూడడం, బ్రౌజర్ ఏమందో చదవడం, వీటితో ఏదీ చెడిపోదు. సుడో అన్న మాట వచ్చిన చోట ఆగి, ఎందుకని అడగాలి. చూడడం వరకు ఎవరికైనా నేర్పవచ్చు. మార్చడం తెలిసినవాళ్ళకు వదిలేయవచ్చు.

అక్క: అలా విడదీస్తే నాకు సగం గొడవ తగ్గింది.

తమ్ముడు: మిగిలిన సగానికి వస్తాను. 2022 ఏప్రిల్‌లో ఉబుంటు 22.04 వచ్చింది. అప్పటినుంచి అందులో ఫైర్‌ఫాక్స్ స్నాప్ అనే వేరే తరహా ప్యాకేజీగా మాత్రమే వస్తుంది. పాత పద్ధతిలో ఎక్కించమన్నా స్నాపే వచ్చి కూర్చుంటుంది. దాని ప్రొఫైల్ ఉండేది హోమ్‌లోని డాట్ మొజిల్లాలో కాదు. స్నాప్ అనే ఫోల్డరు, దాంట్లో ఫైర్‌ఫాక్స్, దాంట్లో కామన్, దాని లోపల. నువ్వు కంఠతా పట్టిన మందు ప్రకారం డాట్ మొజిల్లా తీసి పారేశావు. బ్రౌజర్‌కు ఏమీ కాలేదు, తెరుచుకోనూ లేదు. పోయింది మాత్రం పాత మెషిన్ నుంచి తెచ్చుకున్న బుక్‌మార్కుల అసలు ప్రతి. కారణం చూడకుండా మందు వేస్తే, మందు చోటు మారిన రోజున అది ఎక్కడ పడుతుందో మనకు తెలియదు.

అక్క: దాన్ని నా తప్పుగా చూపించడం న్యాయం కాదు. పేరు అదే, గుర్తు అదే, ఎక్కించే మాట అదే, లోపల మాత్రం ఇల్లు మారింది. ఎవరైనా నాకు చెప్పారా? ఇది మొదటిసారి కూడా కాదు. ఫైర్‌ఫాక్స్ చేసే మొజిల్లాతో గుర్తు విషయంలో పేచీ వచ్చి, డెబియన్‌వాళ్ళు 2006 నుంచి 2016 దాకా ఫైర్‌ఫాక్స్‌నే ఐస్‌వీజల్ అని ఇచ్చారు. 2011 సెప్టెంబరు నుంచి తమిళనాడు ప్రభుత్వం ప్లస్ టూ పిల్లలకూ కాలేజీ పిల్లలకూ ఉచితంగా పంచిన ల్యాప్‌టాపుల్లో విండోస్‌తో పాటు బాస్ లినక్స్ కూడా వేశారు. చెన్నైలో సీ-డాక్ చేసింది, డెబియన్ మీద కట్టింది. ఆ పిల్లలు ఫైర్‌ఫాక్స్ ఎక్కడుందని అడిగేవాళ్ళు. అదే బొమ్మ మార్చుకుని ముందరే ఉందని ఎవరు చెప్పాలి? మీరు వెతకమంటున్న కారణాల్లో సగం, చేసేవాళ్ళు తమలో తాము తేల్చుకోవలసినవి. వాళ్ళు తేల్చుకోలేక మా నెత్తిన వదిలిన పనిని మీరు మా అజ్ఞానం అంటున్నారు.

[రాసే మనిషి మాట ఒకటి ఇక్కడ. ఈ వాదంలో అక్క మాట నాకు గట్టిగా తగిలింది ఈ చోటే. కారణం తెలుసుకోమని చెప్పే హక్కు, కారణం కనబడేలా చేసినవాళ్ళకే పూర్తిగా ఉంటుంది.]

తమ్ముడు: చేసేవాళ్ళ బాధ్యత పెద్దదే. వాళ్ళు బాధ్యత తీసుకున్న రోజు ఎలా ఉంటుందో కూడా చూడు. 2022 జనవరి 13న ప్రపంచమంతా ఫైర్‌ఫాక్స్ తెరుచుకుంది గానీ ఒక్క పేజీ రాలేదు. ఎంతమంది ఆ పూట ప్రొఫైల్ పారేసి ఉంటారో. తప్పు ఎవరి మెషిన్‌లోనూ మొదలవ్వలేదు. మొజిల్లా వాడుకునే గూగుల్ క్లౌడ్ వైపు ఒక అమరిక మారింది. దాంతో ఫైర్‌ఫాక్స్ హెచ్‌టీటీపీ-3 అనే కొత్త దారిలో మాట్లాడడం మొదలుపెట్టింది. అక్కడ ఒక హెడ్డర్ పేరు చిన్న అక్షరాల్లో వచ్చింది, వెతికే కోడు పెద్ద అక్షరం ఉన్న పేరు కోసం చూసింది. దొరకలేదు, అక్కడే గిరగిరా తిరుగుతూ ఉండిపోయింది. అక్షరం చిన్నదా పెద్దదా అన్న దగ్గర లోకమంతా ఆగింది. వెతికారు కనక దొరికింది. దొరికింది కనక ఆ అమరిక వెనక్కి తిప్పి కొన్ని గంటల్లో సరిచేశారు, జనం చేతికి పని పెట్టకుండా.

అక్క: ఇది నా వైపు సాక్ష్యం కూడా. ఆ పొద్దు పుదూరులో కూర్చుని నువ్వు ఎంత వెతికినా ఆ అక్షరం నీకు దొరికేదా?

తమ్ముడు: దొరికేది కాదు.

అక్క: క్రోమియం తెరిచినవాళ్ళకు పని జరిగేదా?

తమ్ముడు: జరిగేది. అందుకే అంగడి మెషిన్‌లో రెండు బ్రౌజర్లు ఉండాలన్నది నేనూ ఒప్పుకుంటాను. ఒకటి పడితే ఇంకోదాంట్లో ఆ పెద్దాయన పని ముగించి పంపించు. కారణం నేను సాయంత్రం చూస్తాను. నా పట్టు ఒక్కటే, సాయంత్రం చూడాలి. రెండోది తెరుచుకుంది కదా అని మొదటిదాన్ని వదిలేస్తే, రెండోది కూడా పడ్డ రోజున మనకు దారి ఉండదు. డిస్కు నిండడం లాంటివైతే రెండూ ఒకే పూట పడతాయి.

అక్క: సాయంత్రం చూసేది నువ్వు. నువ్వు కోవిల్‌పట్టి నుంచి వచ్చిన రోజున. మిగిలిన రోజుల్లో ఎవరు చూస్తారు? నా తెర మీద మెనూలు, బటన్లు అన్నీ తమిళంలో పెట్టుకున్నాను. మనం ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది తమిళం, అదే కన్ను అదే చేయి అలవాటుపడింది. ఇడైసేవల్ రచయిత కి. రాజనారాయణన్ గారి ఇంటి మాట తెలుగు, రాసిందంతా తమిళం, 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది కూడా ఆ తమిళానికే. మన చుట్టుపక్కల ఇది మామూలు బతుకు. నువ్వు చదవమంటున్న ఆ వరుసలు మాత్రం ఇంగ్లీషులో పడతాయి. అవీ మనిషికి చెప్పినట్టు ఉండవు, తమ తోటి ఇంజినీరుకు చెప్పినట్టు ఉంటాయి. బ్రౌజర్ తెరుచుకున్నంతసేపూ నాతో నా భాషలో మాట్లాడి, పడిపోయినప్పుడు మాత్రం నాకు రాని భాషలో అరుస్తుంది. అవసరం ఎక్కువున్న చోటే భాష మారిపోతోంది.

తమ్ముడు: ఆ బాధ నాకూ ఉంది. బాస్‌లో తమిళం, తెలుగు రెండూ ఇచ్చారు, మొజిల్లాకు మన భాషల్లో అనువాదం చేసినవాళ్ళు జీతం లేకుండా చేశారు. అయినా లోపలి తప్పుల మాటల దాకా ఎవరూ పూర్తిగా రాలేదు. నేను చెప్పగలిగింది చిన్నది. మొత్తం చదవనక్కర్లేదు. పర్మిషన్ డినైడ్ అని ఉంటే సొంతదారు సంగతి. నో స్పేస్ లెఫ్ట్ అని ఉంటే చోటు సంగతి. కెనాట్ ఓపెన్ డిస్‌ప్లే అని ఉంటే తెరకూ ప్రోగ్రామ్‌కూ మధ్య సంగతి. ఆల్రెడీ రన్నింగ్ అంటే 4312 సంగతి. ఈ నాలుగూ తమిళంలో ఒక కాగితం మీద రాసి గోడకు అంటిద్దాం. కూర్చునే పిల్ల ఇంగ్లీషు చదవనక్కర్లేదు, ఆ మాట ఆకారం పోల్చుకుంటే చాలు.

అక్క: ఆ కాగితం నువ్వు ఈపాటికి రాసి ఉండాల్సింది.

తమ్ముడు: రాస్తాను.

అక్క: అయితే నీ కాగితంలో లేనిదాన్ని తీసుకుంటాను. దీని మీద నేను తగ్గను. ఉబుంటు 24.04 వేశాక, మనం దించుకుని హోమ్‌లో విప్పి పెట్టుకున్న క్రోమియం తెరుచుకోలేదు. నీ పద్ధతిలోనే టెర్మినల్‌లో పిలిచాను. వాడదగ్గ శాండ్‌బాక్స్ లేదు అంది. గుర్తు వెనకున్న మాటకు నో-శాండ్‌బాక్స్ అని ఒక ముక్క చేర్చాను, తెరుచుకుంది. పంట బీమా గడువు ఆ రాత్రితో ముగుస్తోంది. ఎంతమంది పని అయిందో లెక్క పెట్టలేదు గానీ వచ్చినవాళ్ళెవరూ ఉత్త చేతులతో పోలేదు. అది తప్పని నువ్వు అంటావని తెలుసు.

తమ్ముడు: అంటాను. ఇప్పటిదాకా మాట్లాడుకున్నవన్నీ బ్రౌజర్ బాగుండడం గురించి. ఇది వచ్చినవాళ్ళ బాగు గురించి. శాండ్‌బాక్స్ అన్నది పేజీలోంచి వచ్చిన కోడు మన ఫైళ్ళ మీదికి రాకుండా కట్టిన కంచె. ఏదైనా పేజీ కోడు బ్రౌజర్‌లో ఉన్న లోపం ఒకటి పట్టుకున్నా, ఆ కంచె దాటితే గానీ మన హోమ్‌ను ముట్టుకోలేదు. నువ్వు చేర్చిన ఆ ముక్క కంచెను మొత్తం పీకేస్తుంది. ఆ హోమ్‌లో ఏముంది? నువ్వే మొదట చెప్పావు, ఆధార్ నకళ్ళు, పాసుబుక్కులు. పాస్‌వర్డు దాచడమే తప్పన్న నువ్వు, ఊరందరి కాగితాలున్న ఇంటికి కంచె తీసి రాత్రంతా తలుపు తెరిచి పెట్టావు. కారణం కూడా పెద్ద చిక్కు కాదు. ఆ కంచె కట్టుకోవడానికి బ్రౌజర్ వాడే యూజర్ నేమ్‌స్పేస్ అనే సదుపాయాన్ని, 2024 ఏప్రిల్‌లో వచ్చిన 24.04లో, తెలియని ప్రోగ్రాములకు ఆపారు. యాప్‌ఆర్మర్ అనే కాపలా అమరికలో పేరున్నవాటికి అనుమతి ఉంది. క్రోమ్‌ను దాని సొంత డెబ్ ప్యాకేజీగా సరైన చోట ఎక్కిస్తే ఆ పేరు ఉంటుంది, కంచె ఉంటుంది, బ్రౌజరూ తెరుచుకుంటుంది. హోమ్‌లో విప్పి పెట్టిన ప్రతికి ఆ పేరు లేదు. అంతే.

అక్క: అంతే అని ఇప్పుడు అంటున్నావు, ఇంత తీరిగ్గా. ఆ సాయంత్రం నాకు రెండే కనబడ్డాయి. ఒకవైపు జరగవచ్చో లేదో తెలియని నష్టం. ఇంకోవైపు ఆ రాత్రికి తప్పకుండా జరగబోయే నష్టం. మానాంబరి సాగు మనది, వాన మీదే బతుకు. మార్గళిలో వాన ఎక్కువై మినుములు కుళ్ళితే, బీమా లేని మనిషి దగ్గరకు నువ్వు వెళ్ళి నీ కాగితాలు మాత్రం భద్రంగా ఉన్నాయి అంటావా?

తమ్ముడు: అనలేను. కానీ నువ్వు లెక్కలో ఒకటి వదిలేశావు. రాబోయే ఆ నష్టం ఎవరిదో ఆ మనిషికి తెలుసు, దాన్ని తప్పించుకోవడానికే మన దగ్గరకు వచ్చాడు. రెండోది తన మీద పడుతోందని ఆయనకు తెలియదు. ఆయన తరఫున నువ్వు ఒప్పుకున్నావు. ఆ రాత్రి చేసినదాన్ని నేను క్షమించగలను. మర్నాడు ఆ ముక్క తీసేశావా?

అక్క: తీయలేదు. తెరుచుకుంటోంది కదా.

తమ్ముడు: నా భయమంతా దాని మీదే. ఒక పూట కోసం వేసిన మందు ఏడాదంతా నడుస్తుంది. కారణం రాసిపెట్టి ఉంటే తీసేయాలని గుర్తుండేది.

అక్క: తీస్తాను. నీ డెబ్ ఎక్కించి తీస్తాను. ఇది నీ మాటే గెలిచిందని అనుకో. ఇప్పుడు నీ మాటకు అందనిది అడుగుతాను. మూలనున్న ఆ పాత మెషిన్, 32 బిట్టుది. క్రోమ్ దానికి 2016లోనే ఆగిపోయింది. ఫైర్‌ఫాక్స్ 144తో, 2025 అక్టోబరుతో, 32 బిట్ లినక్స్‌కు మొజిల్లా కొత్త వెర్షన్లు ఇవ్వడం ఆపేసింది. డెబియన్ 13లో ఆ మెషిన్‌కు ఇన్‌స్టాలరే లేదు. ఇక్కడ టెర్మినల్ తెరిచి ఏం చదువుతావు? కారణం పూర్తిగా తెలుసు, చేతిలో మందు లేదు. కొత్తది కొనుక్కో అనడానికి ఇంత విచారణ ఎందుకు?

తమ్ముడు: తెలిస్తే కనీసం వృథాగా వారం తిరగవు. దించుకున్నది 64 బిట్టుదైతే ఆ మెషిన్ దాన్ని నడపనే నడపదు, ఎక్సెక్ ఫార్మాట్ ఎర్రర్ అని ఒక్క మాట అని ఊరుకుంటుంది. అది చదవనివాళ్ళు అదే ఫైలును మళ్ళీ మళ్ళీ దించుకోవడం నేను చూశాను. ఇంకా దారి ఉంది కూడా. ఫైర్‌ఫాక్స్‌లోనే ఎక్కువ కాలం నిలిపే ఈఎస్‌ఆర్ 140కి 32 బిట్టులో భద్రతా సవరణలు కనీసం 2026 సెప్టెంబరు దాకా ఇస్తామన్నారు. అది వేద్దాం.

అక్క: సెప్టెంబరు దాకా. మన విత్తనం పురట్టాసి చివర, ఐప్పసిలో. బీమాకు జనం వచ్చేది ఆ తర్వాత. ఆ మెషిన్‌లో బ్రౌజర్ అప్పుడూ తెరుచుకుంటుంది, తప్పేమీ చూపించదు, సవరణలు మాత్రం రావు. తెరుచుకోకపోతే నీకు పని ఉంటుంది. తెరుచుకునేదాన్ని ఏం చేద్దాం?

తమ్ముడు: నెట్ తీసేసి టైపింగుకూ ప్రింటుకూ వాడదాం.

అక్క: గడువు రోజున బయట ఇరవైమంది ఉండి, ఒక్క మెషిన్ మాత్రమే నెట్‌లో ఉంటే?

తమ్ముడు: అప్పుడూ తీసేయాలనే అంటాను.

అక్క: నేను తీయను. వచ్చినవాళ్ళకు చెప్తాను, ఈ మెషిన్ పాతది, ఇందులో మీ కాగితాలకు పూర్తి భద్రత లేదు, ఆ వరుసలో నిలబడితే ఆలస్యం, ఇక్కడైతే ఇప్పుడే అవుతుందని. ఎటు వెళ్ళాలో వాళ్ళనే తేల్చుకోమంటాను. వాళ్ళ తరఫున నేను ఒప్పుకున్నానని గదా అన్నావు.

తమ్ముడు: శాండ్‌బాక్స్ అంటే ఏమిటో, సవరణ రాకపోతే ఏమవుతుందో నాకు చెప్పడానికే ఇంతసేపు పట్టింది. గడువు సాయంత్రం వరుసలో నిలబడ్డ మనిషికి ఒక్క వాక్యంలో చెప్పి, ఆయనే తేల్చుకున్నాడని ఎలా అంటావక్కా?

అక్క: అయితే ఆ వాక్యం ఎలా చెప్పాలో నువ్వు ఆలోచించు. ఐప్పసికి ఇంకా టైముంది.